ఆవాజ్ సారు లెక్క

జూలై ఇరవై రెండు, సోమవారం. ఉదయం మబ్బు, వాన లేదు.

హాజరైనవారు: నేను, వెల్డింగు షాపు ఖాజా భాయ్, పోయినాయన మేనల్లుడు, రేగోడ్ నుంచి వచ్చాడు.

పని: గది ఖాళీ చేయడం.

ఆ రోజు డైరీలో ఇంతవరకు మామూలుగానే రాశాను. ఏ పని గురించి రాసినా ముందు తేదీ, ఆకాశం ఎలా ఉంది, ఎవరెవరు ఉన్నారు, ఆ తర్వాతే విషయం. తహశీలు కార్యాలయంలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసినవాడికి వేరే పద్ధతి రాదు. విషయం దగ్గరికి వచ్చాక మాత్రం కలం ఆగింది. ఆ గదిలో ఒక నోటుబుక్కు దొరికింది. అందులోని బొమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆ గదిలో నాలుగేళ్ళు ఉన్న మనిషి గురించి చెప్పాలి. అందుకు డైరీ పేజీ చాలదు. విడిగా రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఉన్నప్పుడు ఆయనే వద్దన్నారు. నా డైరీలో తన పేరు కనబడితే నవ్వి, "పేరు లెక్క మీద ఉంటే సాలు వాన సార్, మనిషి మీద ఎందుకు?" అనేవారు. వాన సార్ అంటే నేను. మెదక్‌లో కురిసిన వానను ముప్పై ఏళ్ళు రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచింది నేనే. కార్యాలయం ఆవరణలో వాన డబ్బా ఉండేది. దాని అంచు నేల నుంచి ముప్పై సెంటీమీటర్ల ఎత్తులో, ఎటూ వంగకుండా ఉండాలి. వాన డబ్బాకు అంచే ప్రాణం. కొత్తగా వచ్చిన ప్రతి తహశీల్దారుకూ నేను మొదట చెప్పే మాట అదే. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చిందని పక్క మండలం వాళ్ళతో ఏడాది పొడుగునా ఉత్తరాలు నడిపినవాణ్ణి.

ఆయనకు ఆవాజ్ సారు, అంటే చప్పుడు సారు, అని పేరు పెట్టింది ఖాజా భాయ్. రామాయంపేట రోడ్డు మీద అతనిది వెల్డింగు షాపు. గేట్లు, కిటికీ చువ్వలు, ఇనుప బీరువాలు చేస్తాడు. షాపు వెనక ఒక గది ఉంది. అందులో ఎవరూ రెండు నెలలకు మించి నిలిచేవారు కాదు. రేకులు కోసే మిషను మొదలైతే తలగడ కూడా అదిరేది.

"కిరాయికొచ్చినోళ్లందరు చప్పుడెక్కువున్నదని పారిపోతరు సార్," అని ఖాజా భాయ్ నాకు మొదట్లో చెప్పాడు. "ఈయనొచ్చి గోడకు అరచెయ్యి ఆనించి కండ్లు మూసుకోని నిలవడ్డడు. నేను అవతల మిషను ఆపుదామని పోతే, ఆపకు ఆపకు, ఇంకోటి కొయ్యి అంటుండు. దిమాగు ఖరాబైనాయన కావొచ్చు అనుకున్న. ఖుదా కసం, నాలుగేండ్లల్ల ఒక్కసారి గూడ చప్పుడైతున్నదని అనలే."

చివర్లో ఒక్కసారి అన్నారు. అది తర్వాత రాస్తాను.

గోడకు అరచెయ్యి ఆనించి వినడం ఆయన అలవాటు. బస్సు పోయినా, గుడిలో మైకు పెట్టినా, శిక్షణ విమానం పైనుంచి పోయినా ముందు చెయ్యి గోడ మీదికి పోయేది. ఎవరితోనైనా మాట్లాడాలంటే మాత్రం గోడ పక్కన నిలబడేవారు కాదు. రోడ్డు మధ్యకు లాక్కుపోయేవారు. బండ్లు హారన్లు కొట్టేవి. "గోడ పొంటి మాట్లాడితే నా గొంతు నాది గాదు, గోడది గూడ కలుస్తది," అనేవారు. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకునేవారు. ఆయన చేతులు వణికేవి. టీలో చిన్న చిన్న అలలు లేచేవి. అవి తగ్గేదాకా చూస్తూ కూర్చుని, చల్లారిన టీ తాగేవారు.

ఖాజా భాయ్ తమ్ముడి బిడ్డ పెళ్ళి ఫంక్షన్ హాల్లో జరిగినప్పుడు స్పీకరు డబ్బాల మోతకు ఆడవాళ్ళు చెవుల్లో చీరకొంగులు కుక్కుకున్నారు. ఈయన లేచి వెళ్ళి పాటలు పెట్టే మనిషిని బతిమాలడం మొదలుపెట్టారు.

"జర డబ్బలు మూలకెళ్లి రెండు గజాలు ఇవతలికి జరుపుండ్రి."

"ఎందుకు పెద్దాయన? మూలకుంటెనే బేసు మంచిగొస్తుంది."

"గందుకే. మూలకున్న రెండు గోడలు మీతోటి కలిసి పాడుతున్నయి. వాటికి గూడ బిర్యానీ పెడుతుండ్రా?"

హాలంతా నవ్వింది. డబ్బాలు జరిపారు. లావుగా గుద్దే మోత సగం తగ్గింది. ఖాజా భాయ్ పెళ్ళి మధ్యలో నా దగ్గరికి వచ్చి, "చూసిన్రా, మన ఆవాజ్ సార్ తాఖత్," అని గర్వంగా చెప్పి వెళ్ళాడు.

ఆయన హైదరాబాదులో విమానాల మీద పరిశోధన చేసే ఒక కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు. పనేమిటని అడిగితే నోటితో చెప్పలేదు. ఖాజా భాయ్ దుమ్ము ఊదడానికి వాడే గాలి పైపు తీసి, నన్ను ఒక రేకు ముక్క పట్టుకొమ్మన్నారు. పైపు నొక్కితే సన్నగా స్‌స్ అని మోత. "ఇప్పుడు రేకు దగ్గరికి తేండ్రి. గాలికి తగలనియ్యొద్దు, పక్కపొంటి ఉండాలె," అన్నారు. తెచ్చాను. సన్నని మోత కింద ఇంకొక బొంగురు మోత పుట్టింది. రేకు వెనక్కి తీస్తే ఆ బొంగురు పోయింది. మళ్ళీ తెస్తే వచ్చింది.

"విమానం ఇంజను ఎనుకకెళ్లి వచ్చే గాలి ఒక్కతే పోతుంటే దాని మోత దానిది," అన్నారు. "పక్కన రెక్క ఉన్నదనుకోండ్రి. ఇవతలున్నోనికి మోత రెక్కకు తగిలి తిరిగొచ్చి ఎక్కువ వినవడ్తది. అవతలున్నోనికి రెక్క అడ్డమై తక్కువ వినవడ్తది. ఇంతవరకు అందరికి తెల్సు. అసలు సంగతి రెక్క అంచు కాడున్నది. గాలి సుడులు అంచు దాటేటప్పుడు ఆడ కొత్త మోత పుడ్తది. గీ బొంగురుది. అది ఎంతనో ఇంజను పెట్టకముందే లెక్క కట్టాలె."

"పెట్టినంక కొలుస్తే తెల్వదా?"

"పెట్టినంక తెలిస్తే ఏం లాభం? కింద ఇండ్లల్ల పండుకున్నోళ్లు లేచి కూసుంటరు."

పెద్ద కంప్యూటర్లు ఆ లెక్క చేయగలవట. ఒక్కో లెక్కకు వారాలు పడుతుందట. రెక్క రూపం కొంచెం మార్చితే మళ్ళీ వారాలు. ఆయన దానికి చిన్న దారి పట్టుకున్నారు. గాలి వేగం, గొట్టం నోటి వెడల్పు, రేకు ఎంత పొడుగుంది, గాలికి ఎంత దూరంలో ఉంది. ఈ నాలుగు అంకెలు ఇస్తే చాలు, మోత ఎంతో చెప్పే సూత్రం. పెళ్ళి కార్డు వెనక పట్టేంత. నిజంగానే పెళ్ళి కార్డుల వెనకే రాసేవారు. మెదక్‌లో ఎవరింట్లో పెళ్ళయినా కార్డు చివరికి ఆయన గదికే చేరేది. కార్యాలయంలో దాన్ని వెడ్డింగ్ కార్డు ఫార్ములా అని ముప్పై ఏళ్ళు నవ్వారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయనా నవ్వేవారు.

ఆయనకు ఇష్టమైన మాట 'సుమారుగా'. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ రిజిస్టరులోనూ రాయనివ్వని మాట అది. టైమెంతయిందంటే సుమారుగా ఐదు. ఏడుపాయల గుడి దాకా ఎంత దూరమంటే సుమారుగా, అంతే. నేను విసుక్కుంటే, "మీరు మిల్లీమీటరుకు పుట్టిండ్రు, నేను సుమారుకు పుట్టిన. దేవుడు ఇద్దరిని ఒక్క సందులనే పడేసిండు, ఏం జేస్తం?" అనేవారు.

ఈ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో ఆయనకు ఒక ఫోన్ వచ్చింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇంజనీరమ్మ ఇప్పుడు అదే కార్యాలయంలో పెద్ద హోదాలో ఉంది. విమానాలు చేసేవాళ్ళు వాడుకోవడానికి ఆమె బృందం ఒక ప్రోగ్రాము తయారు చేస్తోంది. అందులో ఆయన సూత్రం పెడతానంది. కాకపోతే అంచు మోత దగ్గర ఆ సూత్రాన్ని ఎవరూ కొలిచి చూడలేదు. వానాకాలం మొదలయ్యేలోగా కొలతలు పంపాలి. కొలతలు సూత్రంతో కలిస్తే అది ప్రోగ్రాములోకి వెళ్తుంది, ఆయన పేరుతో.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ముప్పై ఏండ్ల సంది గీ లెక్క నా సంచిలనే ఉన్నది వాన సార్. నాతోటే కాలిపోతది అనుకున్న. ఒక్కపారి ఎవలన్న వాడితే సాలు. గాని నా చేతులు చూస్తుండ్రు గదా. స్కేలు పడితే అంకెలు ఎగురుతున్నయి. మీరు కొలిచి పెడ్తరా?"

నాకు ఉద్యోగం మళ్ళీ వచ్చినట్టయింది. మర్నాడే ముప్పై సెంటీమీటర్ల స్టీలు స్కేలు తుడిచి, కొత్త రిజిస్టరుకు గీతలు గీశాను.

ఖాజా భాయ్ ఇత్తడి ముక్కను తొలిపించి గొట్టం చేయించాడు. దాని నోరు సరిగ్గా ఒక సెంటీమీటరు. గాలి నింపే పెద్ద ట్యాంకు పెట్టాడు. రేకు విషయంలో అతనే ధారాళం చూపించాడు. అల్లాదుర్గ్‌లో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన గేటు కోసం తెప్పించిన మంచి మందం రేకు అది. "ఆయన స్లాబే వడలే. గేటుకేం తొందర? మీ పని అయ్యేదాక వాడుకోండ్రి," అన్నాడు. రేకుకు ఒక వైపు అంచును ఆవాజ్ సారు దగ్గరుండి నున్నగా గీయించి, సుద్దముక్కతో దాని మీద గుర్తు పెట్టారు. బొంగురు మోత పుట్టే అంచు అదే.

ఖాజా భాయ్ తెల్లవారు నమాజు చేసుకుని వచ్చేవాడు. రోడ్డు లేవకముందే, ఆరింటికి పని మొదలు. ఆవాజ్ సారు స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నేను స్కేలుతో రేకు జరిపి దూరం పెట్టేవాణ్ణి. ఖాజా భాయ్ గాలి వదిలేవాడు. మోత కొలిచే యంత్రంలో అంకె చూసి నేను రాసేవాణ్ణి. రిజిస్టరులో మూడు గడులు. మొదటిది ఆయన సూత్రం చెప్పిన అంకె, పెన్సిలుతో. రెండోది కొలత, సిరాతో. మూడోది తేడా.

మొదటి రోజు ఆయన చెప్పిన మాట నాకు డైరీలో ఉంది: "రేకు ఒక సెంటీమీటరు దూరంల పెట్టుండ్రి." గొట్టం నోటికీ రేకుకూ మధ్య ఒక సెంటీమీటరు పెట్టాను. తర్వాత రెండు. తర్వాత మూడు.

తేడా గడిలో ఆరు వచ్చింది. డెసిబెల్లు అంటారు. కొలత తక్కువ, సూత్రం ఎక్కువ. రెండో దూరంలో కూడా ఆరే. మూడో దూరంలోనూ దాదాపు అంతే. గాలి వేగం మార్చాం. అంతే. రేకు పొడుగు మార్చాం. అంతే. మూడు వారాలు ఇదే వరస. ఆయన రోజూ పెళ్ళి కార్డుల వెనక మళ్ళీ మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చేవారు. ఎక్కడా తప్పు దొరికేది కాదు.

"లెక్క తప్పితే గిట్ల ఉండది," అన్నారు ఒక రోజు. "ఒక కాడ ఎక్కువ, ఒక కాడ తక్కువ చూపిస్తది. ఇది మొత్తం గీతను ఎవలో చేత్తో పట్టి కిందికి జరిపినట్టున్నది." నా వైపు తిరిగారు. "వాన సార్, దూరం సరిగ్గనే పెడుతుండ్రా?"

నేను స్కేలు బల్ల మీద పడేశాను. అంత చప్పుడు చేయాలనుకోలేదు, అయింది.

"ముప్పై ఏండ్లు వాన కొలిచిన. ఒక్క మిల్లీమీటరు తప్పు వట్టినోడు లేడు. మీ సుమారు లెక్క నిలవడకపోతే నా కొలత మీద పడ్తరా?"

"గట్ల కాదు..."

"ఎట్ల కాదు? రేపటి సంది మీరే కొలుసుకోండ్రి."

వణికే చేతులవాణ్ణి పట్టుకుని ఆ మాట అన్నాను. ఖాజా భాయ్ ట్యాంకు కట్టేస్తూ, "ఇగో, ఇద్దరు ముసలోళ్లు చిన్నపోరల లెక్క కట్టీఫ్ చెప్పుకుంటుండ్రు," అని నవ్వించబోయాడు. నేను నవ్వకుండా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆరింటికి ఆయనే మా ఇంటికి వచ్చారు. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుని ఉన్నారు. మా ఆవిడ టీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని, ఈసారి అలలు తగ్గేదాకా ఆగకుండా మాట్లాడారు.

"నిన్నటి మాట వాపసు తీసుకుంట వాన సార్. కొలిచేటోని మీద అనుమానం వెడితే ఇగ నమ్మేటిదేమున్నది? కొలత ముందల లెక్కనే తల వంచాలె. నా కాడ పని నేర్చిన చిన్నోళ్లకు నేను చెప్పిన మాట, నేనే మరిచిన."

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: 'ఆవాజ్ సారు పొరపాటు ఒప్పుకున్నారు. అంగీకరించాను. కొలతలు యథాతథం.'

ఆ తర్వాత ఆయన ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు.

గడువు దగ్గరపడ్డాక ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. ఆయన ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని మాట్లాడేవారు కాబట్టి నాకూ వినబడింది. "సార్, తేడా అన్నిచోట్లా ఒకటేగా. ఒక కరెక్షన్ పెట్టేద్దాం. ఆరు తీసేస్తే కలిసిపోతుంది. చాలామంది చేసేదే." ఆమె ఆయన్ని బతిమాలుతోందని తెలుస్తూనే ఉంది.

"ఎందుకు తీసేస్తున్నమో చెప్పరాని అంకె లెక్కల ఉండొద్దు బిడ్డా," అన్నారు ఆయన. "ఇయ్యాల ఆరు. రేపు ఇంకొకనికి ఎనిమిది. నమ్ముకోని రెక్క చేసినోడు ఏం గావాలె?"

"సార్, ఇంకో వారం చూడండి."

"చూసిన. మూడు నెలలు చూసిన."

మర్నాడు ఆయన చెబుతుంటే ఉత్తరం నేను రాశాను. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని ఆయనకు ఇష్టం. 'రెక్క అంచు మోతకు నేను కట్టిన సూత్రం కొలతకు నిలబడలేదు. కొలతలు జాగ్రత్తగా తీసినవి, వాటిలో లోపం లేదు. నా సూత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి ఎవరూ వాడవద్దు.' రెండో వాక్యం అక్కర్లేదేమో అన్నాను, మర్యాదకు. "ఉండాలె. మీ కష్టం అది," అన్నారు. సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. నేనే పోస్టాఫీసుకు వెళ్ళి రిజిస్టరు చేసి, రసీదు డైరీలో అంటించాను.

తర్వాత ఆయన గోడకు చెయ్యి ఆనించడం నేను చూడలేదు. పెళ్ళి కార్డులు వస్తే పెళ్ళి కార్డుల్లాగే చదివి పక్కన పెట్టేవారు. నేను వెళ్తే వానలు ఎప్పుడు పడతాయని అడిగేవారు. ఎంత అని అడిగేవారు కాదు. జూన్ చివర ఒక మధ్యాహ్నం ఖాజా భాయ్ మిషను పెట్టి రేకు కోస్తుంటే, గది తలుపు తీసి ఆయన బయటకు వచ్చారట.

"చప్పుడైతున్నది ఖాజా," అన్నారట.

ఖాజా భాయ్ ఆ మాట నాకు చెప్పేటప్పుడు మిషను మీదే చెయ్యి పెట్టి ఉన్నాడు. "నాలుగేండ్లల్ల మొదటిసారి సార్. మూడు రోజులు ఇంక కోతపని ముట్టలే."

ఆ తర్వాత రెండు వారాలు బతికారు. దవాఖానలో గుండె అని రాశారు. ఆ ఉత్తరం వల్లనే పోయారని నేను రాయను. నాకు తెలియనిది నేను రాయను.

ఇక జూలై ఇరవై రెండు, సోమవారం.

గదిలో పెద్దగా ఏమీ లేవు. మంచం, రెండు జతల బట్టలు, మోత కొలిచే యంత్రం, పాత లాప్‌టాప్, అట్టపెట్టె నిండా పెళ్ళి కార్డులు. మేనల్లుడు మంచివాడే, పొలం పని వదులుకుని వచ్చాడు. "మామ బుక్కులు నాకైతే సమజ్ గావు. మీకు పనికొస్తే ఉంచుకోండ్రి, లేకపోతే కాగితాలాయనకు వేస్త," అన్నాడు. నేను ఒక్కొక్కటి చూసి పక్కన పెడుతున్నాను.

అడుగున ఒక నల్ల అట్ట నోటుబుక్కు. సూత్రం మొదట కట్టినప్పటిది కావచ్చు, సిరా వెలిసిపోయింది, చెయ్యి వణకని రోజుల గీతలు. మొదటి పేజీలో బొమ్మ. గుండ్రటి గొట్టం నోరు, దాని పక్కన రేకు, రెండింటి మధ్య దూరం చూపించే గీత. ఆ గీత గొట్టం అంచు దగ్గర మొదలు కాలేదు. నోటి నడుమ ఒక చుక్క ఉంది. గీత ఆ చుక్కలోంచి మొదలైంది.

ఏదో పొరపాటనుకుని పేజీ తిప్పాను. ఇంకొక బొమ్మ. నడుమ నుంచే. ఇంకొకటి. నడుమ నుంచే. గాలి నడిమి గీతే ఆ విద్యలో అన్నిటికీ మొదలు. ఆయనకు అది నోటితో చెప్పనక్కర లేని సంగతి. నాకు అంచు నుంచి కొలవడం చెప్పనక్కర లేని సంగతి. మూడు నెలలు రోజూ రేకు ఉండాల్సిన చోటు కంటే సగం నోరు దూరంలో పెట్టాను. అర సెంటీమీటరు. ఐదు మిల్లీమీటర్లు. ప్రతిసారీ అంతే. అందుకే ప్రతిసారీ అంతే తక్కువ. ఎవరో చేత్తో పట్టి కిందికి జరిపినట్టుందని ఆయన అన్నారు. ఆ చెయ్యి నాది.

"ఏమైంది వాన సార్? బీపీ గోలి తెమ్మంటరా?" అని ఖాజా భాయ్ అడిగాడు. నేను మంచం మీద కూర్చుండిపోయానట.

మధ్యాహ్నం ఇంజనీరమ్మకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పి, జరిగినదంతా తేదీలతో సహా చెప్పాను. అయిపోయాక ఆమె, "నడుమ నుంచా," అంది. తనకు కూడా అడగాలని తోచలేదంది.

"ఇప్పుడు సరిచేసి కొలిచి పంపుతానమ్మా."

"ఉత్తరం వచ్చిన రోజే సూత్రాన్ని తీసేశాం అంకుల్. దాని చోట వేరే పద్ధతి పెట్టి, ప్రోగ్రాము పోయిన నెల ఇచ్చేశాం. సార్ సంతకంతో వాడొద్దని ఉన్నది. ఆయన లేరు. ఆ మాట ఎవరు వెనక్కి తీసుకుంటారు?"

"కొలతలు తప్పని నేను సంతకం పెడతాను."

"కొలతల్లో లోపం లేదని కూడా అందులోనే ఉంది కదా, అంకుల్." ఆమె కోపంగా అనలేదు. ఏడుస్తోందనుకుంటాను. "అది మీ చేతిరాతేనా? చాలా బాగుంది. అందరం అనుకున్నాం."

సాయంత్రం ఖాజా భాయ్‌కి చెప్పాను. బొమ్మ చూపించి, స్కేలుతో గొట్టం మీద కూడా చూపించాను. ఇనుప పని చేసేవాడు కాబట్టి ఒక్కసారికే అర్థమైంది. మెడ మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమన్న అను ఖాజా," అన్నాను.

"ఏమంట సార్? ఆయనుంటే మిమ్ముల ఒక్క మాట గూడ అనకపోతుండె. గదే బాధ." తర్వాత, "రేకు రేపు కోయాలె సార్. అల్లాదుర్గ్ ఆయన స్లాబు అయిపోయింది, గేటు గేటని ఒకటే పరేషాన్ చేస్తుండు. పొద్దుగాల నమాజు అయినంక వస్త. కొలుసుకుంటరా?" అన్నాడు.

జూలై ఇరవై మూడు, మంగళవారం. సన్నని తుంపర, ఐదింటికి ఆగింది. హాజరైనవారు: నేను, ఖాజా భాయ్.

స్టూలు తీసి పక్కన పెట్టబోతే ఖాజా భాయ్ వద్దన్నాడు. అది దాని చోటనే ఉంది. గొట్టం నోటి నడుమ ఎక్కడుందో దారం కట్టి గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి ఒక సెంటీమీటరు కొలిచి రేకు పెట్టాను. అంచుకూ రేకుకూ మధ్య నా చిటికెన వేలు కూడా పట్టలేదు. గాలి వదిలాడు. ఆ బొంగురు మోత అంత నిండుగా నేనెప్పుడూ వినలేదు. యంత్రంలో అంకె చూశాను. రిజిస్టరులో పాత పేజీ తీసి, ఆయన పెన్సిలు అంకె పక్కన పెట్టి చూశాను. రెండో దూరం పెట్టాను. మూడోది పెట్టాను. మూడు గంటలు పట్టే పని గంటలో అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఇంకొకసారి కొలిచాను.

"కలిసిందా సార్?"

"కలిసింది."

"మొత్తమా?"

"సుమారుగా," అన్నాను.

ఖాజా భాయ్ స్టూలు వైపు చూశాడు. తర్వాత ట్యాంకు కట్టేశాడు. షాపు ముందు బండ్లు మొదలయ్యాయి, ఎవరిదో ఫోన్ మోగింది, అతను తీయలేదు.

"ఇగ కోసుకోనా సార్?"

"కోసుకో."

రేకును ఇద్దరం పట్టుకుని మిషను మీదికి ఎక్కించాం. గేటుకు నున్నగా గీసిన వైపు పనికిరాదని, మొదట ఆ వైపే పెట్టాడు. సుద్దముక్కతో పెట్టిన గుర్తు ఇంకా ఉంది. మిషను మొదలైంది. ఆ అంచు నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీగా తెగి నా కాళ్ళ దగ్గర పడింది.